తెలుగు నాట హెబ్రీ దేవనామములు

చంపాపేట వీధులలో సాయంసంధ్యవేళ ఒక తల్లి "దానియేలూ" అనియు, వేరొక తల్లి "ఇస్మాయిల్" అనియు బిడ్డలను పిలుచుట వినవచ్చును. మొదటి పేరునకు "దేవుడు నా న్యాయాధిపతి" యనియు, రెండవదానికి "దేవుడు ఆలకించును" అనియు అర్థము. ఇంటివారి మతములు వేరైనను, రెండు పేర్ల చివరను నిలిచినది ఒకే ప్రాచీనపదము. అదియే "ఏల్". పడమటి ఆసియా భాషలలో అది దేవునికి సామాన్యనామము.

హెబ్రీ గ్రంథములలో ఈ పదమునకు విశేషణములు చేరి పెక్కు నామము లేర్పడినవి. ఏల్ ఎల్యోన్ అనగా సర్వోన్నతుడు. ఏల్ షద్దై అను నామమును సర్వశక్తిమంతుడని అనువదింతురు గాని, దాని మూలార్థమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఏల్ రోయి అనగా నన్ను చూచు దేవుడు. ఈ పేరు పెట్టినది రాజు కాదు, ప్రవక్త కాదు. యజమానురాలి బాధకు తాళలేక అరణ్యమునకు పారిపోయిన హాగరు అను దాసి. ఆమె కుమారుడే తొలి ఇస్మాయిలు.

ఎలోహీం అను నామము మరియొక వింత. రూపమున బహువచనము, ఇశ్రాయేలీయుల దేవుని గూర్చి చెప్పునపుడు దానితో వచ్చు క్రియ సాధారణముగ ఏకవచనము. "గురువుగారు వచ్చిరి" అని ఒక్కరినే బహువచనముతో గౌరవించు మనకు ఇది కేవలము అపరిచితము కాదు. మనము క్రియను బహువచనము చేయుదుము. హెబ్రీయులు నామమును చేసిరి.

వీని కన్నిటికిని మిన్నయైనది యోద్, హే, వావ్, హే అను నాలుగక్షరముల నామము. హెబ్రీ బైబిలులో ఇది సుమారు 6,800 సార్లు కనవచ్చును. "ఉండు" అను ధాతువుతో దీనికి సంబంధము చెప్పుదురు. కాలక్రమమున యూదులు భక్తిచే దీని నుచ్చరించుట మాని, "అదోనాయ్", అనగా "నా ప్రభువు" అని చదువజొచ్చిరి. భర్త పేరు పలుకని మన పాతకాలపు ఇల్లాండ్ర నియమమును తలచుకొనిన, ఈ భావము మనకు సులభముగ బోధపడును. క్రీస్తు శకము 6 నుండి 10వ శతాబ్దము వరకు మసోరెతులను పండితులు మూలమునకు స్వరచిహ్నములు చేర్చిరి. ఈ నామమునకు మాత్రము అదోనాయ్ స్వరములను గురుతుగా నుంచిరి. ఐరోపీయులు ఆ హల్లులను, ఈ స్వరములను కలిపి చదువగా "యెహోవా" అను రూపము పుట్టినది. ప్రాచీనోచ్చారణ "యాహ్వే" కావచ్చునని నేటి పండితులలో పెక్కుర అభిప్రాయము.

ఈ నామములు తెలుగులోనికి వచ్చుటకు శతాబ్దమునకు పైగా పట్టినది. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దపు పూర్వార్ధమున చేసిన తెలుగు అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెగ్రాంజెస్ అను మిషనరీలు ఆనందరాయరు తోడ్పాటుతో కృషి సాగించిరి. 1812లో శ్రీరాంపూరున కొన్ని సువార్తలు ముద్రితములయ్యెను. సంపూర్ణ గ్రంథము 1854లో వెలువడినది.

అనువాదకునికి ఇచట ఒక చిక్కు కలదు. ఆంగ్లమున ఈ నామమునకు బదులు "ప్రభువు" అను మాటను పెద్దక్షరములతో అచ్చువేసి భేదము చూపుదురు. తెలుగు లిపిలో పెద్దక్షరములు లేవు. నామమును దాచినచో అదోనాయ్‌కును దానికిని భేదము చెడును. దాచనిచో యూదులు పలుకని పేరు అందరి నోట పలుకబడును. బహుళప్రచారము నందిన తెలుగు బైబిలు రెండవ మార్గమునే అనుసరించి, "యెహోవా" అనియే వ్రాసినది. అందుచే ఏ తావున నామమున్నదో, ఏ తావున బిరుదమున్నదో తెలుగు పాఠకుడు తేలికగా గుర్తింపగలడు. కాని అతడు పలుకు రూపము చదువరుల పొరపాటున పుట్టినది.

అయినను అసలు నామపు తునుక ఒకటి చెడక మనకు దక్కినది. "హల్లెలూయా" అను మాట చివరను, యెషయా, యిర్మియా అను పేర్ల చివరను వినబడు "యా" అదియే. వీధిలో ఆ పిలుపు వినబడినపుడు శ్రోతలు ఒక్కక్షణము చెవియొగ్గుదురు గాక.