రేకు మీద లేని బాణీ

1979 అనగానే రాక్ సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళకి పింక్ ఫ్లాయిడ్ 'ది వాల్' గుర్తొస్తుంది. నాకైతే మా తిరుపతి ఆల్బమే... ఆ రోజుల్లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన 'బాలాజీ పంచరత్నమాల', అయిదు ఎల్పీలు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి. కచేరీల సంపాదన చాలావరకు దానాలకి పోయింది, మద్రాసులో ఇల్లూ అమ్ముకున్నారు. టీటీడీ ఈవో పీవీఆర్కే ప్రసాద్ పూనుకుని ఈ రికార్డులు చేయించారు, రాయల్టీ ఆవిడకి వచ్చేలా. ఊరికే డబ్బిస్తే పుచ్చుకునే మనిషి కాదు కదా!

అందులో నన్ను కుదిపేసేది 'నానాటి బతుకు'. రేవతి రాగం. అన్నమయ్యే అలా పాడాడని మనలో చాలామంది అనుకుంటారు. అబ్బే! అన్నమయ్య పోయింది 1503లో. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి, అంతే. స్వరాలు లేవు. సోర్స్ కోడ్ సగమే దొరికిందన్నమాట. మిగతా సగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు కొత్తగా రాసుకోవాల్సొచ్చింది. ఆ రేవతి బాణీ నేదునూరి కృష్ణమూర్తిది. తిరుపతి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా చేశారాయన, 2014లో పోయారు.

మనం ఒక్క లైను కోడ్ మార్చినా పేరు, తేదీ రికార్డవుతాయి. యూట్యూబులో ఈ పాటల కింద చూడండి, చాలాచోట్ల అన్నమాచార్య పేరొక్కటే. తిరుపతి పూర్ణకుంభం సర్కిల్లో ఎమ్మెస్ విగ్రహం చూసే ఉంటారు, బావుంటుంది. నేదునూరికి విగ్రహం అడగట్లేదు నేను. అప్‌లోడ్ చేసేటప్పుడు 'బాణీ: నేదునూరి' అని ఒక్క ముక్క రాయండి బాబూ.