కార్డు వెనక ఏ అంకెలు?

1951 చివర్లో బ్రూక్లిన్‌లోని తన ఇంటి వంటగది బల్ల మీద సై బెర్జర్ ఒక బేస్‌బాల్ కార్డుకు రూపం కట్టాడు. సహోద్యోగి ఉడీ గెల్‌మన్ తోడున్నాడు. మరుసటి ఏడు టాప్స్ కంపెనీ అచ్చేసిన 407 కార్డులకూ ముందు బొమ్మ, వెనక ఆటగాడి ఎత్తు, బరువు, పోయినేటి లెక్క, మొత్తం ఆట లెక్క ఉన్నాయి. క్రీడాకారుల కార్డులకు ఆ అమరికే వరవడి అయింది. ఆ లెక్కల మూలం మాత్రం క్రికెట్‌లో ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కి మళ్లిన హెన్రీ చాడ్విక్, స్కోరు పట్టికనూ సగటునూ 19వ శతాబ్దంలో ఆ ఆటకు అలవాటు చేశాడు.

సగటు ఎంత దాచేస్తుందో సి.కె.నాయుడు కార్డు రాయబోతే తెలుస్తుంది. నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం ఆయనది. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు నాయకుడయ్యేనాటికి 36 ఏళ్లు. 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. అంతేనా నాయుడు? 1926లో బొంబాయి జింఖానాలో ఎంసీసీ బౌలర్లను 11 సిక్సర్లతో చితగ్గొట్టి 153 చేశాడు. అది టెస్టు కాదు గనుక ఆ వరుసలోకి రాదు. ఆయన కార్డు మీద ఆ ఒక్క ఇన్నింగ్స్‌కు విడిగా గీత గీయాల్సిందే.

బ్యాడ్మింటన్‌కి సగటు అసలే కుదరదు. గచ్చిబౌలిలో 2008లో మొదలైన గోపీచంద్ అకాడమీ నుంచి సైనా, సింధు, శ్రీకాంత్ వంటివారు ప్రపంచానికి తెలిశారు. వాళ్లకు సొంతంగా కార్డులు వేయించాలనుకునే అభిమాని గెలుపోటములు రాసి ఊరుకుంటే, 2017 గ్లాస్గోలో సింధు ఆడిన ప్రపంచ ఫైనల్ ఉత్త ఓటమిగా మిగులుతుంది. ప్రత్యర్థి ఒకుహరా 21-19, 20-22, 22-20తో గెలిచిన ఆ మ్యాచ్ 110 నిమిషాలు నడిచింది. రెండో గేమ్‌ను ముగించిన ర్యాలీలో 73 షాట్లు. ఆ పాయింటు సింధుదే. నన్నడిగితే, ఆమె కార్డు మీద మొదట పడాల్సిన అంకె ఆ 73.

అలాంటి అంకెను పైన విడిగా రాస్తే, షటిలర్ల కార్డులో ఒక్కో మ్యాచ్ వరుసకు ఐదు గడులు చాలు: ఏడాది, టోర్నీ, ప్రత్యర్థి, స్కోరు, నిమిషాలు. చివరి గడిని చోటు చాలదని ఎత్తేయొద్దు. 2019 బాసెల్ ఫైనల్లో అదే ఒకుహరా మీద సింధు 21-7, 21-7తో భారత్‌కు తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ టైటిల్ తెచ్చింది. ఆ వరుస చివర పడే అంకె 38.