అర్ధరూపాయి నుంచి వెండి తొంభై దాకా

2024 ఏప్రిల్ 1న ముంబయిలో ప్రధాని నరేంద్ర మోదీ 90 రూపాయల నాణెం విడుదల చేశారు. రిజర్వు బ్యాంకు తొంభయ్యో ఏట అడుగుపెట్టిన సందర్భం అది. బరువు 40 గ్రాములు, దాదాపు మేలిమి వెండి. ఒకవైపు బ్యాంకు చిహ్నమైన తాటిచెట్టు, పులి.

ఆ చిహ్నం పుట్టుకే ఒక నాణెం. ఈస్టిండియా కంపెనీ వారి డబుల్ మొహరు మీద తాటిచెట్టు, సింహం ఉండేవి. 1935లో బ్యాంకు మొదలైనప్పుడు అదే నమూనా తీసుకుని, మన దేశానికి పులే తగినదని సింహాన్ని మార్చారు. ఇంకో తమాషా: నోట్లు వేసేది రిజర్వు బ్యాంకు, నాణేలు ముద్రించేది కేంద్ర ప్రభుత్వం. తన పేరిట నాణెం రావాలన్నా బ్యాంకు ప్రభుత్వం వైపు చూడాల్సిందే.

స్వతంత్ర భారతంలో స్మారక నాణేలు 1964లో నెహ్రూతో మొదలయ్యాయి. 1969లో గాంధీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. రిజర్వు బ్యాంకు వంతు 1985లో, స్వర్ణోత్సవానికి వచ్చింది. అప్పుడు మామూలు అర్ధరూపాయి వేశారు. కిళ్ళీకొట్టులో, సిటీ బస్సులో చేతులు మారింది. 2010లో 75 ఏళ్ల పండుగకు రెండు దారులూ తొక్కారు: రూపాయి, రెండు, అయిదు, పది జనానికి, సగం వెండితో 75 రూపాయల నాణెం సేకర్తలకు. అప్పటి గవర్నరు మన ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు.

2024 నాటికి వెండి నాణెమే ముందుకొచ్చింది. విడుదలనాటికి అందులోని లోహం ధరే మూడు వేల రూపాయలకు అటూఇటూ; దాన్ని తొంభైకి ఖర్చుపెట్టే అమాయకుడెవరు? ఇలాంటివి చిల్లరలో రావు. హైదరాబాదు టంకశాల 2023లో వేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం కోసం ఎగబడ్డవారైనా టంకశాల వారి దగ్గర కొనుక్కుని పెట్టెలో దాచుకోవాల్సిందే.

అందం వెండిదే, ఒప్పుకుంటాను. కానీ బ్యాంకుకు అసలైన గౌరవంగా నాకు తోచేది ఆ అర్ధరూపాయే. దుకాణాల్లో పుచ్చుకోవడం లేదు గానీ, యాభై పైసలు చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతాయి.