నూతన నాయకుని తొలి ప్రవేశము

బి. బి. సి. వారి "డాక్టర్ హూ" యను దూరదర్శన ధారావాహికము 1963లో మొదలయ్యెను. అందలి నాయకుడు మరణాసన్నుడైనపుడు క్రొత్తమేను దాల్చును. మన పరకాయప్రవేశము వంటిదే గాని, యిచట వేరొకరి కళేబరముతో పనిలేదు! ఈ యుపాయముచేతనే 1966 నుండి నటులను మార్చుచు వచ్చిరి.

ఆరవవాడైన కాలిన్ బేకర్ 1984 మార్చి 22న "ది ట్విన్ డైలెమా" కథతో నాయకుడుగా నిలిచెను. క్రొత్తమేనిలో మతి చలించి, తన్ను నమ్మి వెంటవచ్చిన పెరీ యను యువతి గొంతు నులిమెను. చూచువారికి రోత పుట్టెను. క్రమముగా నాతనిని మంచివానిగా జూపవలెనని నిర్మాతల తలంపు. కాని యా కథ యా వరుసకు కడపటిది. తరువాతిది 1985 జనవరికి గాని రాలేదు. అంతదనుక ప్రేక్షకులకు మిగిలినది యా చేదే. దోషము నటునిదని నేననను, పాత్రను మలచినవారిది. అయినను 1986లో తొలగింపబడినవాడు నటుడే.

1999 నుండి శ్రవ్యనాటకములందు ఆయన యదే పాత్రను మరల ధరించి మెప్పు పొందెను.