ఆవు త్రొక్కిన దారి, బిడ్డ నడచు దారి

కార్తికమాసము వచ్చినంతనే మన కుటుంబములు ఉసిరిచెట్టు నీడను వెదకికొనుచు ఊరి వెలుపలికి బయలుదేరుట పాఠకు లెఱిగిన యాచారమే. పెద్దలు వంటపాత్రలను, విస్తరాకుల కట్టలను మోసికొందురు. తల్లులు చంటివారి నెత్తికొందురు. నడక నేర్చిన పిల్లలు ముందునకు బరుగెత్తి, వెనుకకు వచ్చి, మరల బరుగెత్తి, పెద్దలు నడచిన దూరమునకు రెండింతలు నడచుదురు. చీమలబారు ఎచటికి బోవుచున్నదో, తూనీగ యొకచోట నేల నిలువదో, ఉసిరికాయ తిన్న పిమ్మట త్రాగిన నీరు తియ్యగా నేల యుండునో, ఇట్టి ప్రశ్నలు ఆ యొక్కనాడు వారడిగినన్ని ఏడాది పొడవున బడిలో నడుగరు. ఇంత మేలు చేయు దినమునుగూర్చి పెద్దలమైన మన మొక్క ప్రశ్నయు వేసికొనుట లేదు. ఆ తోట యెవరిది? ఆ చెట్టు క్రిందికి పిల్లలను దీసికొని పోవుటకు మనకు గల హక్కెట్టిది? ఒకానొక యేట తోటచుట్టును ముండ్లతీగ కనబడువఱకు ఈ ప్రశ్న యెవరికిని దోచదు. తోచిన నాటికి కాలము మించిపోయి యుండును.

కాలము మించకముందే ఈ ప్రశ్న వేసి, న్యాయస్థానమున బదులు పొందిన జనుల చరిత్ర యొకటి కలదు. అది ఇంగ్లాండు దేశమున లండను నగరమునకు ఈశాన్యమున నున్న ఎప్పింగు అడవి చరిత్ర. సుమారు 6,000 ఎకరముల యీ యడవి, నగరపు టంచున నున్న మానర్ పార్కు మొదలుకొని ఎప్పింగు పట్టణమువఱకు సన్నని పట్టెవలె సాగియున్నది. సెలవు దినములందు తల్లిదండ్రులు పిల్లలతో గూడ వచ్చి, వెల యియ్యక, ఎవరి సెలవును గోరక, ఆ చెట్లనడుమ నడచిపోవుదురు. ఈ స్వేచ్ఛకు మూలము రాజుల దయయని గాని, ధనికుల దానమని గాని తలపరాదు. దానికి మూలము ఒక కట్టెలమోపును, ఒక యావును. ఇది పరిహాసమువలె దోచవచ్చును గాని, కథ విన్న పిమ్మట నట్లు తోచదు.

పూర్వకాలమున ఎప్పింగు రాజుల వేటయడవి. అయినను వేట యొక్కటే రాజుది. నేల ఆయా గ్రామముల భూస్వాములది. గడ్డి గ్రామస్థుల పశువులది. కొన్ని గ్రామములలో, ముఖ్యముగా లౌటన్ గ్రామమున, చలికాలపు వంటచెఱకు పేదలది. ఏటేట నవంబరు 11వ తేది మొదలు ఏప్రిలు 23వ తేదివఱకు వారు చెట్ల కొమ్మలను నఱికి తెచ్చుకొనవచ్చును. చెట్టును మొదలంట గొట్టుట లేదు. పశువుల నోటి కందని యెత్తున కొమ్మలను మాత్రమే నఱకుదురు. కొన్ని యేండ్లకు క్రొత్తకొమ్మలు బయలుదేరును. అందుచేతనే ఎప్పింగున బీచి, ఓకు, హారన్‌బీము వృక్షములు మనిషి యెత్తువఱకు లావైన మ్రానుగా నుండి, అటుపైన అనేక శాఖలుగా జీలి విచిత్రాకారములతో నిలిచియున్నవి. నేడు పిల్లలు ఎక్కి యాడుకొనునట్టి యా కొమ్మలను అట్లు రూపొందించినది పేదల కత్తి.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునకు పరిస్థితులు మాఱెను. రాజులు వేటకు వచ్చుట మానిరి. తమ యటవీ హక్కులను ప్రభుత్వమువారు భూస్వాములకే విక్రయింప దొడగిరి. లండను నగరము నానాటికి విస్తరించుటచే నేల వెల పెఱిగెను. 1856లో లౌటన్‌వఱకు రైలుమార్గము పడెను. అంతకుముందే, 1851లో, ప్రక్కనున్న హైనాల్టు అడవి శాసనమూలమున అడవి కాకపోయెను. అచటి ప్రాచీనవృక్షములను స్వల్పకాలములోనే కూల్చి, ఆ భూమిని సేద్యపు నేలగా మార్చిరి. ఎప్పింగు భూస్వాములు దీనిని జూచి, తామును అడవి నేలకు కంచెలు వేయ మొదలిడిరి. లౌటన్ గ్రామపు భూస్వామి జాన్ విటేకర్ మెయిట్లండు వేయి యెకరములకు మించిన యడవికి కంచె వేయించెను. ఆయన యా గ్రామమునకు మతాచార్యుడు గూడ నగుట గమనింపదగినది. ఆదివారమున ధర్మము బోధించు చేయియే వారపు దినములలో గుంజలు పాతించినది.

ఆ గ్రామముననే థామస్ విల్లింగేల్ అను కూలివాడుండెను. కొమ్మలు నఱకు హక్కు తన తాతతండ్రులనాటినుండి వచ్చినదని యెఱిగినవాడు. నవంబరు 11వ తేది అర్ధరాత్రి మొదటి దెబ్బ పడకున్న హక్కు మురిగిపోవునని గ్రామస్థుల నమ్మిక. ఆ రాత్రి గ్రామస్థులకు విందుచేసి, త్రాగుడులో ముంచి, ఘడియ దాటింపజూచిరనియు, విల్లింగేల్ ఒక్కడు మేలుకొని పోయి కొమ్మ నఱికి తెచ్చెననియు జనులు చెప్పుకొను కథ యొకటి కలదు. కథ యెట్లున్నను, 1866లో ఆయన కుటుంబములోని మువ్వురు కొమ్మలు నఱికిన నేరమునకు చెరసాల పాలైరనుట చరిత్ర. ఒక మోపు కట్టెలకు చెఱ! ఈ వార్త లండనులో గొప్ప యలజడి గలిగించెను.

అంతకు ముందటి యేడే, అనగా 1865లో, ఉమ్మడి భూములను గాపాడుటకు లండనున నొక సంఘ మేర్పడియుండెను. ఆ సంఘమువారు విల్లింగేల్ పక్షమున వ్యాజ్యము నడపుటకు దోడ్పడిరి. కాని 1870లో నాతడు మరణించుటచే వ్యాజ్యమును మరణించెను. ఒక పేదవాని ప్రాణముపై నాధారపడిన హక్కు ఎంత బలహీనమో యిందువలన దెలియుచున్నది. మఱుసటి యేట, 1871 జూలై 8వ తేదిని, అడవి దక్షిణపు గొననున్న వాన్‌స్టెడ్ మైదానమున వేలకొలది జనులు చేరి, కంచెల నిరసించి, కొన్నింటిని బెఱికివైచిరి. వారిలో పెక్కుమంది తూర్పు లండను శ్రామికులు. ఇంటి కొక్క గదియే యై, వీథియే పిల్లల ఆటస్థలమైన పేటలవారు. వారికి కట్టెలతో బనిలేదు. వారికి గావలసినది గాలి.

ఇక ఆవు కథ. లండను నగరసభవారు 1853లో శ్మశానవాటికకై అడవి దాపున నొక వ్యవసాయక్షేత్రమును గొనియుండిరి. ఆ క్షేత్రము గలవారికి అడవిలో పశువులను మేపుకొను హక్కు కలదు. చచ్చినవారికై కొన్న నేల, బ్రతికినవారి హక్కును వెంట దెచ్చినది. 1871లో నగరసభవారు ఆ హక్కును బట్టి భూస్వాములపై వ్యాజ్యము వేసిరి. భూస్వాములు తమ తమ గ్రామముల రైతులను సమాధానపఱచితిమని వాదించిరి. దానికి బదులిచ్చినది ఆవే యని చెప్పవచ్చును. ఆవునకు గ్రామపు సరిహద్దులు తెలియవు. ఒక గ్రామపు పశువు అడవియంతటను దిరిగి మేయుట అనాదిగా వచ్చిన వాడుక. కావున ఏ యొక్క భూస్వామియు దన గ్రామస్థులతో మాత్రము ఒడంబడిక చేసికొని, అందఱి పశువులు దిరుగు నేలకు కంచె వేయుటకు వీలులేదు. ప్రతి గ్రామపు హక్కును అడవి యంతటిమీద నున్నదని పాతపత్రములనుండి నిరూపించిరి. ఈ పరిశోధనలో రాబర్టు హంటరు అను న్యాయవాది మిక్కిలి పాటుపడెను. ఈయనయే తరువాత 1895లో, ఆక్టేవియా హిల్, హార్డ్‌విక్ రాన్‌స్లీ అనువారితో గలసి నేషనల్ ట్రస్టు అను ప్రఖ్యాత సంస్థను స్థాపించినవాడు.

1874 నవంబరు 10వ తేదిని న్యాయాధిపతి సర్ జార్జి జెస్సెల్ తీర్పు చెప్పెను. 1851 తరువాత వేసిన కంచెలు చెల్లవని యాయన నిర్ణయము. 1878లో ఎప్పింగు అడవి శాసనము పుట్టెను. దాని ప్రకారము నగరసభవారు అడవికి సంరక్షకులైరి. కంచెలు వేయక, ఇండ్లు గట్టక, ప్రజల విహారమునకును సంతోషమునకును ఆ స్థలమును సర్వకాలము దెఱచియుంచుట వారి విధి. 1882 మే 6వ తేదిని విక్టోరియా రాణి హైబీచి యనుచోటికి వచ్చి అడవిని ప్రజల కంకిత మొనర్చెను. రాణిగారి పేరు పండుగకు దక్కినది. పండుగకు గారణమైనవాని పేరు చిరకాలము మఱుగునబడెను.

అటు తరువాత ఆ యడవికి వచ్చిన నిజమైన రాజులు పిల్లలే. 1873నుండి చింగ్‌ఫర్డువఱకును రైళ్లు నడచుచుండెను. 1871 నాటి శాసనముచే ఏడాదికి కొన్ని సోమవారములు బ్యాంకు సెలవులై, క్రమముగా శ్రామికులకు గూడ విశ్రాంతి దినములయ్యెను. పాఠశాలలవారును, ధర్మసంఘములవారును తూర్పు లండను పిల్లలను గుంపులు గుంపులుగా దోడితెచ్చుచుండిరి. అడవి యంచున పిల్లలకు తేనీరును, రొట్టెయు నిచ్చుటకు ప్రత్యేకముగా విశ్రాంతిగృహములు వెలసెను. వానిలో బేరెన్నికగన్న రిగ్సువారి గృహములు మద్యమును ముట్టని పద్ధతిపై నడచినవి. త్రాగుడుశాలకు బోవలసిన తండ్రి పిల్లవానిని భుజము నెక్కించుకొని చెట్లక్రింద నడచుట యెంత సంస్కారమో మేము వేఱుగ జెప్పవలసిన పనిలేదు. ఉపన్యాసములు చేయలేని పనిని ఒక్క తెఱపినేల చేయగలదు. 1978లో, శాసనమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, మానర్ పార్కునుండి ఎప్పింగువఱకు సుమారు 15 మైళ్ల నడకదారి నేర్పఱచి, దానికి శతవార్షిక మార్గమని పేరిడిరి. ఆ మార్గమున జనులు గుంపుగూడి నడచుట యొక యాచారమైనది.

ఇంతవఱకు చెప్పి కథ ముగించినచో వినుటకు దియ్యగా నుండును గాని, సత్యము సగమే చెప్పినవార మగుదుము. 1878 శాసనము పిల్లలకు అడవి నిచ్చినది; పేదలయొద్ద కొమ్మల హక్కును దీసికొన్నది. ఏ హక్కుకై విల్లింగేల్ కుటుంబమువారు చెఱబడిరో ఆ హక్కే విజయదినమున రద్దయ్యెను. పరిహారముగా నగరసభవారిచ్చిన ధనముతో లౌటన్‌లో గ్రామస్థుల యుపయోగమునకై లాపింగ్ హాలు అను భవనము వెలసి, 1884లో దెఱువబడెను. లాపింగ్ అనగా కొమ్మలు నఱకుట. కొమ్మలు పోయి, కొమ్మల పేరు గోడమీద మిగిలినది. అంతియకాదు, నఱకుట మానినందున చెట్లు దట్టముగా బెఱిగి నేలపై వెలుతురు దగ్గెను. వెలుతురు గోరు మొక్కలకు అది హానియే యయ్యెను. పట్నవాసుల విహారమునకై పల్లెవాసుల జీవనము వెల చెల్లించుట న్యాయమా యని మమ్మడిగినచో, కాదనియే చెప్పుదుము. విహారస్థలమును గాపాడవలెను. కాని దానిని ఇంతకాలము గాపాడుకొనివచ్చినవారిని వెలివేసి కాపాడరాదు.

ఈ కథతో మనకేమి పని యని కొంద ఱడుగవచ్చును. మన గ్రామములందును చెఱువుగట్లు, పశువుల మేతబీళ్లు, పోరంబోకు నేలలు, తెలంగాణమున బంచరాయి భూములు ఉమ్మడి యాస్తులే. పిల్లలు గాలిపట మెగురవేయునదియు, ఈత నేర్చునదియు, రేగుపండ్లేఱుకొనునదియు నచటనే. అవి యొకటొకటిగా నెవరెవరి పాలనో పడుచుండుట చదువరులు కన్నులార జూచుచున్నదే. 2011 జనవరి 28వ తేదిని మన సుప్రీముకోర్టువారు, పంజాబు రాష్ట్రములోని యొక గ్రామపు చెఱువు నాక్రమించినవారి వ్యాజ్యమున, ఇట్టి యాక్రమణములను దొలగించి ఉమ్మడి నేలలను గ్రామపంచాయతీలకు మరల నప్పగించుటకు బథకములు సిద్ధము చేయవలసినదని అన్ని రాష్ట్రప్రభుత్వముల నాజ్ఞాపించిరి. భూమిలేని కూలీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ప్రభుత్వము పట్టా యిచ్చినచోట్లను, బడి, వైద్యశాల మున్నగు ప్రజోపయోగము లున్నచోట్లను మినహాయింపునకు దావిచ్చిరి. ఎప్పింగున లేని యీ వివేకము ఆ తీర్పున గలదు. కాని విల్లింగేల్ వంటివాడు కొమ్మపై దెబ్బ వేయనిదే ఎంతటి తీర్పైనను కాగితమే.

ఇంకొక మాట చెప్పి ముగింతుము. ఇటీవల మన వనభోజనములు కులముల పేర విడివిడిగా జరుగుచున్నవి. ఒక కులమువారి పందిరి యొకచోట, మఱియొక కులమువారి పందిరి వేఱొకచోట. ముండ్లతీగ వేయుటకు భూస్వామి రానక్కఱలేదు. మనమే పిల్లల మనస్సులలో గుంజలు పాతుచున్నాము. ఎప్పింగు అడవి దక్కినది, ఒక గ్రామపు ఆవు వేఱొక గ్రామపు టావుతో గలసి మేసినందున. విడివిడిగా మేసియుండినచో న్యాయాధిపతికి చెప్పుకొనుటకు సాక్ష్యమే యుండెడిది కాదు. ఈ కార్తికమున పిల్లలను నడిపించుకొని పోవువారు పొరుగువారి పిల్లలనుగూడ కులమడుగక వెంట దీసికొనిపోవలెను. ఆ తోట, ఆ గట్టు, ఆ బీడు గ్రామలెక్కలలో ఎవరి పేర నున్నదో ముందుగా విచారింపవలెను. ఉమ్మడి నేలయైనచో, “ఇది మనయందఱిది” యని పిల్లలకు జెప్పవలెను. ఆ మాట చెవినబడిన పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట అచట కంచె లేచుట చూచి ఊరకుండడు.