పిలుపు రాకముందే కాదన్నవారు

డిసెంబరు 10 రాజాజీ పుట్టినరోజు. 1878లో ఆయన పుట్టిన తొరపల్లి హోసూరు దగ్గరి పల్లె. ఆ రోజున నాకు తలపుకొచ్చేది యుద్ధానికి రానని చెప్పే హక్కు. ఆ హక్కు అనగానే బ్రిటన్ 1916 చట్టమూ, మనస్సాక్షి ఒప్పుకోదన్నవాళ్ల మొర విన్న ట్రిబ్యునళ్లూ గుర్తొస్తాయి. భారతీయులను నిర్బంధంగా సైన్యంలో చేర్చుకునే చట్టం ఇక్కడ రాలేదు. 1917 నాటి నిర్బంధం ఈ దేశంలోని యూరోపియన్ బ్రిటిష్ ప్రజలకే. అందుకని ఆ చరిత్రతో మనకు పనిలేదనుకుంటే పొరపాటే. రాజాజీ పుట్టిన ఆ ప్రాంతపు పాత శతాబ్దాల్లో వెతికితే మాత్రం చేతికందేది తక్కువ. మైసూరు యుద్ధంలో, 1791లో హోసూరు కారన్‌వాలిస్ సేనల పాలైందని, ఆ నవంబరులోనే కృష్ణగిరి కొండకోట మాక్స్‌వెల్ దండుకు లొంగలేదని, మరుసటి ఏడు బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి దక్కిందని చదువుకుంటాం. ఇష్టం లేకుండా ఆ దండ్ల వెంట నడిచినవాళ్ల గోడు ఎవరు రాశారు?

రెండో ప్రపంచ యుద్ధకాలానికి వస్తే, 1940 అక్టోబరు 17న పౌనార్‌లో వినోబా మొదలుపెట్టిన వ్యక్తి సత్యాగ్రహం పద్ధతి చూడండి. ఎప్పుడు, ఎక్కడ మాట్లాడబోతున్నదీ సత్యాగ్రహి ముందే జిల్లా మేజిస్ట్రేటుకు రాసి పంపాలి. చెప్పిన వేళకు నిలబడి, మనుషులనిచ్చి గానీ డబ్బిచ్చి గానీ ఈ యుద్ధానికి సాయపడటం తప్పని పలకాలి. ఆ ఒక్క మాటకు 20,000 మందికి పైగా జైలుకెళ్లారు. మినహాయింపు అడగలేదు, శిక్ష అడిగి తీసుకున్నారు. డిసెంబరులో రాజాజీకి ఏడాది శిక్ష పడింది.

ఇది మనస్సాక్షి కాదు, రాజకీయమే అనేవారున్నారు. జాతీయ ప్రభుత్వాన్ని ఇస్తే యుద్ధానికి సాయపడతామన్న 1940 జులై తీర్మానం రాజాజీదేగా అంటారు. నిజమే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ ఏడాదే ఆయన కాంగ్రెస్‌ను వదిలారు, క్విట్ ఇండియాలో చేరలేదు. కానీ అన్ని యుద్ధాలనూ కాదన్నవాడికే మనస్సాక్షి ఉంటుందనడం న్యాయం కాదు. మమ్మల్ని అడగకుండా మా పేరుతో చేసే ఈ యుద్ధం వద్దనడమూ మనస్సాక్షే. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఒక యుద్ధాన్నే కాదన్నవారికి మినహాయింపు లేదని చెప్పింది. ఆ తీర్పు నాకు ఇరుకుగా తోస్తుంది. మన రాజ్యాంగంలోని 23(2) అధికరణ ప్రజాప్రయోజనం కోసం నిర్బంధ సేవ విధించనిస్తుంది. మతం, జాతి, కులం, వర్గం పేరిట వివక్ష కూడదంటుంది గానీ, మనస్సాక్షి ఊసెత్తదు. 1950 జనవరి 26న ఆ రాజ్యాంగం పూర్తిగా అమల్లోకి వచ్చిననాడు గవర్నర్ జనరల్ పదవి నుంచి దిగింది రాజాజీయే.