గరివిడి నల్లరాయి

విజయనగరము దాటి ఉత్తరముగా పోవు రైలు నెల్లిమర్ల మీదుగా గరివిడి చేరును. ఈ పరిసరములలో చూపునకు బొగ్గువలె నుండి, చేతికెత్తుకొన్న ఇనుమువలె బరువు తోచు నల్లరాయి దొరకును. ముట్టిన వ్రేళ్లకు మసి అంటును. ఇదియే మాంగనీసు ఖనిజము. మన దేశములో ఈ ఖనిజమును త్రవ్వుట మొదట ఆరంభమైనది ఈ ప్రాంతముననే.

రాతికి విలువ దానంతట అది రాదు; దాని అవసరము ఎక్కడనో పుట్టవలెను. 1856లో బెస్సిమర్ అను ఆంగ్లేయుడు కరగిన ఇనుములోనికి గాలి నూది ఉక్కు చేయు పద్ధతిని ప్రకటించెను. కాని ప్రాణవాయువు, గంధకము లోపల మిగిలిపోవుటచే ఆ ఉక్కు సుత్తిదెబ్బకు పగులుచుండెను. మషెట్ అను లోహశాస్త్రజ్ఞుడు మాంగనీసు గల ఇనుమును అందు కలుపగా ఆ దోషము తొలగెను. నాటినుండి మాంగనీసు లేనిదే మంచి ఉక్కు లేదు.

ఆ అవసరమే చీపురుపల్లి ప్రాంతపు కోడూరు గనులను తెరపించెను. 1892లో విశాఖపట్టణము జిల్లాలో త్రవ్విన ఖనిజము 674 టన్నులు. 1900 నాటికి దేశములో ఉత్పత్తి సుమారు 92 వేల టన్నులకు పెరిగెను. కూలీలు గునపములతో త్రవ్వి, సుత్తులతో పగులగొట్టి, మంచిరాతిని చేతితో ఏరిరి. అది ఓడలకెక్కి సీమకు పోయెను. 1905లో రష్యాలో విప్లవము చెలరేగి కాకసస్ గనుల సరఫరా చెడగా, మన ఖనిజమునకు ధర ఒక్కసారిగా పెరిగెను. పెరిగినను తరిగినను, ఆ ధరను నిర్ణయించునది గరివిడి కాదు.

ఈ శిలలను శ్రద్ధగా పరిశీలించినవాడు భారత భూవిజ్ఞాన శాఖకు చెందిన లూయిస్ ఫెర్మార్. 1909లో వెలువడిన ఆయన బృహద్గ్రంథము నేటికిని ప్రమాణము. ఇచ్చటి ఒక శిలకు కోడూరు పేరిట 'కోడూరైటు' అని ఆయన నామకరణము చేసెను. అందు మాంగనీసు గల గార్నెటు, ఫెల్‌స్పారులతోపాటు ఎపటైటు కూడ కలదు. ఎపటైటులో భాస్వరముండును. అందుచేతనే ఇచ్చటి ఖనిజములో భాస్వరము హెచ్చు. మధ్యపరగణాల ఖనిజముతో పోటీలో వెనుకబడుటకు ఇదియొక కారణము.

రాతిని అమ్మి లోహమును కొనుట ఎంతకాలము? 1955లో ఫెర్రో ఎల్లాయిస్ కార్పొరేషను స్థాపితమై, గరివిడిలో ఫెర్రోమాంగనీసు కర్మాగారమును నెలకొల్పెను. అదే సంవత్సరమున మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉత్పత్తి ఆరంభమయ్యెను. టన్ను ఫెర్రోమాంగనీసుకు 2,500 నుండి 3,000 యూనిట్ల విద్యుత్తు కావలెను గనుక, ఇచ్చట కొలిమికి ప్రాణము రాయి మాత్రమే కాదు, కరెంటు కూడ. కరెంటు ధర హెచ్చినపుడు కొలిమి చల్లారును, కూలివాని పొయ్యియు చల్లారును.

నేడు ఈ నల్లరాయికి మరియొక అవసరము పుట్టినది. టార్చిలైటు బ్యాటరీలోని నల్లనిపొడి మాంగనీసు డయాక్సైడే యని పాఠకులెరుగుదురు. విద్యుత్తుతో నడచు వాహనముల లిథియం బ్యాటరీలు పలు రకములలోను మాంగనీసు కలదు. అందుకు కావలసిన అతిశుద్ధమైన మాంగనీసు సల్ఫేటులో 90 శాతమునకు పైగా చైనాలోనే తయారగుచున్నది. ఖనిజము దక్షిణాఫ్రికా, గాబన్ మొదలగు దేశములది. శుద్ధిచేయు విద్య వేరొకరిది. అందుకే గాబన్ ప్రభుత్వము 2029 జనవరి 1 నుండి ముడిఖనిజము ఎగుమతిని నిషేధింతుమని 2025లో ప్రకటించెను. మన దేశము 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజముల పట్టికలో మాంగనీసు లేదు. అయినను నేడు మనము ఈ ఖనిజమును దిగుమతి చేసికొనుచున్నాము.

మరియొక మాట మరువరాదు. మాంగనీసు ధూళిని పీల్చిన పనివారికి కాళ్లు తడబడి, మాట తొట్రుపడునని స్కాట్లండు వైద్యుడు కూపర్ 1837లోనే వ్రాసెను. పొగలేని బండి నగర వీధులను శుభ్రపరచవచ్చును; గని వద్ద ధూళి మిగిలినచో ఆ శుభ్రత సగమే.

రాయి భూమి యిచ్చినది. దానిని శుద్ధిచేయు విద్య, చౌకయైన విద్యుత్తు, పనివాని ఆరోగ్యము మనము సమకూర్చుకొనవలసినవి. ఈ మూడును కూడినచోటనే ఖనిజము సంపద యగును. నూటముప్పది యేండ్లకు పైబడిన గనుల చరిత్ర మనకు నేర్పు పాఠమిదియే.